గైడు దొరికితేనే పీహెచ్‌డీ

మా ఊరి పిలగాడు ఎంఏ చేసిండు. నెట్ కూడ రాసిండు. జేఆర్ఎఫ్ రాలేదు గని పీహెచ్‌డీ అడ్మిషన్‌కు పనికొచ్చే మార్కులు వచ్చినయి. సర్టిఫికెట్ల ఫైలు చంకల పెట్టుకొని ఒక యూనివర్సిటీకి పోయిండు. డిపార్ట్‌మెంట్ల పర్మినెంట్ సార్లు ముగ్గురే. ఒకాయనకు రిటైర్మెంట్ దగ్గరపడ్డది. ఇంకొకాయన దగ్గర ఖాళీ లేదు. మూడో ఆయన 'నోటిఫికేషన్ రానియ్యి, చూద్దాం' అన్నడు. ఎప్పుడొస్తదో ఆయనకూ తెల్వదు.

నోటిఫికేషన్ వచ్చేసరికి పిలగాని నెట్ మార్కులకు కాలం తీరింది. 2024లో యూజీసీ తెచ్చిన పద్ధతి ప్రకారం, జేఆర్ఎఫ్ రానోళ్లకు ఆ మార్కులు అడ్మిషన్‌కు ఏడాది మాత్రమే చెల్లుతయి. నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. పరీక్ష ఏటా రెండుసార్లు పెడ్తరు, సీట్లు మాత్రం ఎప్పుడో ఒకసారి చూపిస్తరు. ఇదేం లెక్క?

అసలు సీటు ఎక్కడ పుడుతదో తెలుసుకోవాలె. అది క్లాస్‌రూముల పుట్టది, గైడు దగ్గర పుడుతది. ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ 6గురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురిని తీసుకోవచ్చు. 2022 నిబంధనల ప్రకారం గైడు పర్మినెంట్ ఉద్యోగి అయి ఉండాలె, మూడేండ్లలోపు రిటైరయ్యే సార్లు కొత్తోళ్లను తీసుకోవద్దు. అంటే ఒక ప్రొఫెసర్ రిటైరైతే, ఆ కుర్చీ నింపకపోతే, 8 మంది పేద పిల్లల దారి మూసుకున్నట్టే. ఏండ్ల తరబడి క్లాసులు మోస్తున్న కాంట్రాక్ట్ సార్లకు గైడ్‌షిప్ ఉండది. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. యూనివర్సిటీ సార్ల కుర్చీలు ఆ నియామకాలల్ల లేవా?

హెచ్‌సీయూ ఉన్నది కదా అంటరు. 1973 ఆరు సూత్రాల పథకం పుణ్యాన 1974లో వచ్చిందే అది. కాని కేంద్రీయ విశ్వవిద్యాలయం, దేశమంతా పోటీకి దిగుతది. పాలమూరు, నల్లగొండ పిల్లలకు దగ్గరున్నయి రాష్ట్ర యూనివర్సిటీలే.

అట్లని తమ్ముళ్లు, చెల్లెండ్లు చేతులు ముడుచుకొని కూసోవద్దు. నోటిఫికేషన్ కంటె ముందే గైడును వెతకాలె. శోధ్‌గంగ వెబ్‌సైటుల వేల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగ ఉన్నయి. మీకు నచ్చిన అంశం మీద ఏ సారు దగ్గర ఏం పని జరిగిందో అండ్ల చూడుండ్రి. ఆయన రాసింది రెండు వ్యాసాలన్న చదివి, మీ ఆలోచన రెండు పేజీలల్ల రాసుకొని కలువుండ్రి. 'సార్, ఏదన్న టాపిక్ ఇయ్యిండ్రి' అని పోతే మాత్రం ఆయన ఇచ్చిందే ఆరేండ్లు మోయాలె. పైసల సంగతి కూడ ముందే అడుగుండ్రి. జేఆర్ఎఫ్ ఉన్నోళ్లకు 2023 నుంచి నెలకు 37 వేలు. లేనోళ్లకు కేంద్రీయ వర్సిటీల 8 వేల నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది, రాష్ట్ర వర్సిటీల అదీ లేదు.

ఏ సబ్జెక్టుల ఎన్ని సీట్లు, ఏ గైడు కింద ఎవరున్నరు అన్నది వెబ్‌సైటుల పెట్టాలని నిబంధనలే చెప్తున్నయి. ఆ జాబితాను ఏటా ఒక తారీఖుకు బయటపెట్టుమని విద్యార్థి సంఘాలు, టీచర్ల సంఘాలు కలిసి అడగాలె. దీనికి కొత్త జీవో అక్కర లేదు, కోట్ల ఖర్చూ లేదు.

మా పిలగాడు ప్రైవేట్ జూనియర్ కాలేజీల పాఠాలు చెప్పుకుంట, మొన్ననే మళ్ల నెట్‌కు ఫీజు కట్టిండు.