బడి ఆవరణలో నీడకు పద్దు ఏది?

ఎండ ముదిరినప్పుడు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు బడి వేళలను మారుస్తాయి. సాధారణంగా మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు నడుస్తాయి, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు ఉంటాయి. వేళ మారుతుంది గానీ నేల మారదు. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో శుభ్రత కోసమనో బురద బాధ తప్పుతుందనో అనేక బడుల ఆవరణల్లో సిమెంటో ఇంటర్‌లాకింగ్ టైల్సో పరిచేశారు. ఆ నేల పొద్దుటి నుంచి వేడిని పీల్చుకుంటూ ఉంటే, మధ్యాహ్నం బడి వదిలాక పిల్లలు దాటవలసింది దానినే. చెట్టు నీడనివ్వడమే కాక బాష్పోత్సేకం ద్వారా, అంటే ఆకుల్లోని సూక్ష్మరంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదిలి ఆ క్రమంలో పరిసరాల వేడిని వాడుకోవడం ద్వారా, గాలిని కూడా చల్లబరుస్తుంది. రేకుల షెడ్డుకు ఈ రెండో గుణం లేదు సరికదా, తాను వేడెక్కి ఆ వేడిని కింద కూర్చున్నవారి మీదికే దింపుతుంది.

ఇంత స్పష్టమైన ప్రయోజనం ఉన్నా, బడికి ఉండవలసిన వసతుల జాబితాల్లో చెట్టు కనిపించదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె అడుగుతుంది తప్ప నీడను అడగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు-మన బడి ఫ్యాన్లు, రంగులు, బల్లలు, ప్రహరీ గోడల దాకా పట్టించుకున్నా చెట్టును ప్రత్యేక అంశంగా చేర్చలేదు. చెట్టు వేరే ఖాతాలోకి పోయింది. 230 కోట్ల మొక్కల లక్ష్యంతో 2015లో మొదలైన హరితహారం వంటి కార్యక్రమాల్లో బడి కూడా లక్ష్యాన్ని పంచుకునే అనేక స్థలాల్లో ఒకటి. అలాంటి ఖాతాలో మొక్కను జూలైలో లెక్కపెడతారు, అది బతికిందో లేదో తేలేది మాత్రం మరుసటి జూన్‌లో.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బడి తెరుచుకోవడం, తొలకరి పడడం, మొక్కలు నాటడం ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి మొదలు బాగానే ఉంటుంది. అయితే లేత మొక్కకు నీరు అత్యవసరమయ్యే వారాల్లోనే బడికి తాళం పడుతుంది. మొదటి రెండు మూడు వేసవులు దాటిన వేపకో కానుగకో తర్వాత పెద్దగా పోషణ అక్కరలేదు, కానీ ఆ వేసవులు దాటించేవారెవరన్నది ఏ పద్దులోనూ రాసి ఉండదు.

ఈ చిక్కును తప్పించుకోవడానికే కాబోలు, అధికారులు త్వరగా పెరిగే, ఎప్పుడూ పచ్చగా కనిపించే, పశువులు ముట్టని జాతుల వైపు మొగ్గారు. కోనోకార్పస్ అలా విరివిగా వచ్చింది. దాని పుప్పొడి మీద, వేర్ల మీద ఫిర్యాదులు పెరిగాక తెలంగాణలో దాన్ని నాటవద్దన్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. మడగాస్కర్ నుంచి వచ్చిన గుల్‌మొహర్ కంటికి ఇంపుగా ఉన్నా దాని కొమ్మలు ఈదురుగాలికి తేలిగ్గా విరుగుతాయి గనుక పిల్లలు తిరిగే చోట అది తగదు. అలాగని దేశీయ జాతి అయితే చాలు, ఎక్కడ నాటినా సరిపోతుందనుకోవడమూ పొరపాటే. మోదుగ పూత పట్టేది ఆకు రాల్చి, రేల విరగబూసేది దాదాపు ఆకులేని కొమ్మల మీద, అదీ నీడ కావలసిన నెలల్లోనే. కాబట్టి వాటికి ప్రహరీ పక్కన చోటిచ్చి, ఎండ ముదిరేలోగా కొత్త ఆకు తొడిగే వేప, కానుగలను పిల్లలు కూర్చునే చోట పెట్టడం మేలు. రావి, మర్రి పక్షులకు నెలవులైనా వాటి వేర్లు గోడలను, పైపులను వెతుక్కుంటూ పోతాయి కాబట్టి విశాలమైన ఆవరణ లేనిచోట వాటి జోలికి పోకపోవడమే మంచిది. చింత ఆఫ్రికా నుంచి వచ్చినదే కదా అని ఉన్న చింతను కొట్టేయాలనే పట్టుదల మాత్రం ఎవరికీ అక్కరలేదు.

ఆరుబయట చదువు ఈ దేశానికి కొత్త కాదు. శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో మొదలుపెట్టిన బడిలో నేటికీ చెట్ల కింద తరగతులు నడుస్తాయి. పదో తరగతి గణితంలో త్రికోణమితితో ఎత్తులు, దూరాలు కనుక్కునే అధ్యాయం ఉంది. పుస్తకంలోని గోపురానికి బదులు ఆవరణలోని నేరేడు ఎత్తును దాని నీడను బట్టి కొలిస్తే లెక్క అదే. రేల లేతాకుల మీద పాకే పచ్చటి గొంగళిపురుగు కొద్ది రోజుల్లో ప్యూపాగా మారి, లేత పసుపు సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. జీవశాస్త్ర పాఠానికి అంతకన్నా చవకైన ప్రయోగశాల ఉండదు. సీజన్‌వాచ్ అనే పరిశీలన కార్యక్రమంలో పిల్లలు ఒక చెట్టును ఎంచుకుని దాని చిగురు, పూత, కాయ ఎప్పుడు వచ్చాయో వారం వారం నమోదు చేస్తారు. ఇలా ఋతువును బట్టి జీవుల్లో వచ్చే మార్పులను గమనించే శాస్త్రాన్ని ఫీనాలజీ అంటారు. ఆ నమోదుల్లో కేరళ బడులదే పెద్ద వాటా.

కూర్చునే చోటుకు రచ్చబండను మించిన నమూనా అక్కరలేదు గానీ, కట్టే తీరులో జాగ్రత్త కావాలి. మొదలుకు ఆనించి సిమెంటు దిమ్మె కట్టి లోపల మట్టి నింపితే కాండం అడుగు కుళ్లుతుంది, వేళ్లకు నీరూ గాలీ అందవు. కాండం చుట్టూ వెడల్పాటి పాదు వదిలి, దాని అవతల విడి రాతి బల్లలు వేయడం చెట్టుకూ మంచిది, ఖర్చూ తక్కువ.

పారిస్ నగరం 2018 నుంచి బడుల ఆవరణల్లోని తారును పెకలించి మట్టి, చెట్లు తెస్తూ, వాటిలో కొన్నింటిని బడి లేని వేళల్లో ఇరుగుపొరుగుకు తెరిచింది. వేసవిలో నీళ్లు పోసే చేతుల కొరత ఇక్కడ తీరాలన్నా ఆ మార్గమే దగ్గరది. అయితే సెలవుల్లో గేటు తెరిస్తే ఫర్నిచర్‌కు, కంప్యూటర్లకు జవాబు చెప్పవలసింది ప్రధానోపాధ్యాయులే గనుక వారు తాళం వేయడాన్ని తప్పుపట్టలేము. ఆవరణకూ భవనానికీ వేర్వేరు గేట్లు పెట్టడం, వేసవి మూడు నెలలకు నీటి ఖర్చు, కాపలా కూలి బడి నిర్వహణ గ్రాంటులోనే చూపడం ప్రభుత్వాల చేతిలోని పనులు. ఆటస్థలమే లేకుండా అద్దె భవనాల్లో నడిచే ప్రైవేటు బడుల సంగతి వేరు. అక్కడ చెట్టు కన్నా ముందు అడగవలసింది షెడ్యూలులో ఉన్న ఆ ఆటస్థలం గురించే.