మోతాదు తప్పితే తల్లిదేనా నేరం?

పిల్లలకు ఇంట్లో ఇచ్చే మందుల మోతాదు తప్పుతున్నదంటే అందుకు తల్లి అజ్ఞానమే కారణమనీ, ఆమెకు అవగాహన కల్పిస్తే సమస్య తీరుతుందనీ ఒక అభిప్రాయం వైద్యవర్గాల్లోనూ చదువుకున్న కుటుంబాల్లోనూ స్థిరపడిపోయింది. నెల్లూరు తీరాన మైపాడు, ఇసకపల్లి వంటి చోట్ల పట్టపు మత్స్యకారుల పాలేల్లోనూ, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే యానాది గిరిజన కుటుంబాల్లోనూ ఈ నింద మరింత సులువుగా అంటుకుంటుంది. అక్షరం రానివారి మీద మోపిన తప్పును ఎదురు ప్రశ్నించేవారు తక్కువ కదా. ఈ అభిప్రాయంలో సగం కూడా నిజం లేదు.

పారాసిటమాల్ సీసాలనే చూడవచ్చు. జ్వరం వచ్చిన బిడ్డకు బరువులో కిలోకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కో విడత మందు పడాలన్నది వైద్యులు పాటించే లెక్క. ఆ చొప్పున 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు కావాలి. అయితే ఈ ద్రవం మన దేశంలో కనీసం మూడు గాఢతల్లో, అంటే అందులో మందు పాళ్లు మూడు రకాలుగా ఉండేలా, దొరుకుతున్నది: డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు, ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125, మరొక సిరప్‌లో అదే 5 మిల్లీలీటర్లకు 250. కాబట్టి అదే బిడ్డకు, అదే జ్వరానికి, మొదటి సీసా నుంచి 1.2 మిల్లీలీటర్లు, రెండోదాని నుంచి దాదాపు 5, మూడోదాని నుంచి 2.4 పోయాలి. కిందటిసారి సిరప్ ఇచ్చినప్పుడు చెప్పిన "ఐదు ఎంఎల్" మాటను గుర్తుపెట్టుకున్న తల్లి, ఈసారి చేతికొచ్చిన డ్రాప్స్‌ను అదే కొలతతో పోస్తే 500 మిల్లీగ్రాములు, అంటే నాలుగింతలకు పైగా, బిడ్డ కడుపులో పడతాయి. రోజుకు మూడు నాలుగుసార్లు అలాగే పడితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ తల్లి మరిచిందేమీ లేదు, విన్నదాన్ని పొల్లుపోకుండా పాటించింది.

చదువుకున్నవారు ఇలా పొరబడరన్న నమ్మకమూ నిలవదు. అమెరికాలో 2,110 మంది తల్లిదండ్రులతో ద్రవ మందులు కొలిపించి 2016లో ప్రచురించిన పరిశోధనలో నూటికి 84 మంది ఒక్కసారైనా చెప్పుకోదగ్గ తేడాతో కొలిచారు. సూదిలేని సిరంజితో కన్నా కప్పుతో కొలిచినప్పుడు తప్పులు ఎక్కువయ్యాయి. అంతకుముందే 2011లో అక్కడి తయారీదారులు శిశువుల గాఢమైన డ్రాప్స్‌ను మానుకొని, పిల్లల పారాసిటమాల్ ద్రవానికి 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల ఒకే గాఢతకు మారారు.

ఇక్కడ మందుల షాపులో అట్టపెట్టె మీద పెన్నుతో "1-0-1" అని గీసి చేతికిస్తారు. ఆ ఒకటి చెంచానా, మూతనా, మిల్లీలీటరా అన్నది చెప్పవలసిన మనిషి నమోదైన ఫార్మసిస్టు; వైద్యుడి చీటీ మీద మందు ఇచ్చే పనిని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ అతనికే అప్పగించింది. బల్ల వెనక అతను లేనప్పుడు తల్లి ఎవరిని అడగాలి?

అసలు కొలతతో నిమిత్తమే లేని మరణాలూ ఉన్నాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగిన ఇరవై మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. నెల్లూరు తీరానికి దక్షిణాన, తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్, అంటే పరిశ్రమల్లో వాడే విష ద్రావకం, పరీక్షలో బయటపడింది. వైద్యుడు రాసిన మందునే తెచ్చి పోసిన తల్లుల అవగాహనను ఏ ప్రశ్నావళితో కొలుస్తారు?

ఇక భాష సంగతి. నెల్లూరు జిల్లాలోనే 1991లో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో వాచకంలో సారా చేటు గురించిన పాఠం దూబగుంట గ్రామ మహిళలను కదిలించింది. వారు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు, ఆ పోరాటం 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా నడిచింది. తమ భాషలో చదివిన పాఠంతో అంత పని చేసిన ఆడవాళ్లకు చెప్పినా అర్థం కాదనడం అన్యాయం. అయితే చెప్పేది వారి భాషలో ఉండాలి. పురుగుమందు డబ్బా మీద హిందీ, ఆంగ్లాలతోపాటు అది అమ్ముడయ్యే ప్రాంతపు భాషలోనూ సూచనలు ముద్రించాలని 1971 నాటి నిబంధనలు శాసిస్తున్నాయి. పసిబిడ్డ నోట్లో పోసే మందు సీసాకు అలాంటి నిర్బంధం లేదు. పారాసిటమాల్‌కు ఒకే గాఢత, ప్రతి సీసాతో గీతలున్న సిరంజి, పెట్టె మీద తెలుగులో బరువును బట్టి మోతాదు పట్టిక తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానిది. ఆ పని చేశాక కూడా పొరపాట్లు మిగిలితే అప్పుడు తల్లులకు పాఠం చెప్పవచ్చు.