చెరకుకోత స్త్రీలు – క్యాన్సరు భీతి

మహారాష్ట్రమందలి బీడు జిల్లానుండి యేటేట దసరా దీపావళుల నాటికి లక్షలాది కూలీలు చెరకు నరకుటకై పశ్చిమ మహారాష్ట్రమునకును, కర్ణాటకమునకును వలసపోవుచుందురు. ఆలుమగలిరువురును గలిసిననే యచ్చట నొక ‘కోయితా’, అనగా నొక కొడవలి, యని లెక్క. మేస్త్రీ యిచ్చు బయానా యా జంటకే. ఒకరు ఒకదినము పనికి రానిచో కూలి పోవుటయేగాక జుల్మానాయు బడును. గుడారములయొద్ద మరుగుదొడ్డి యుండదు, నీరు చాలదు. నెలసరి దినములందైనను మోపులెత్తక తప్పదు. ఐదారు మాసములిట్లు గడపిన స్త్రీకి తెల్లబట్టయు, నడుమునొప్పియు, నధిక రక్తస్రావమును గలుగుట వింతగాదు.

ఇట్టి స్త్రీ వైద్యుని యొద్దకు బోయినప్పుడు పలువురకు లభించిన సలహా యొక్కటియే: గర్భసంచి తీయించుకొనుము, లేనిచో క్యాన్సరు వచ్చును. 2019లో నీ సంగతి వెల్లడికాగా నచ్చటి ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. విచారింపబడిన సుమారు 82 వేలమంది చెరకుకోత స్త్రీలలో 13 వేలకు పైగా గర్భసంచి తీయించుకొనినవారని తేలినది. నలువదియేండ్లు నిండనివారు వీరిలో ననేకులు.

పల్లెటూరి కూలిస్త్రీలకు క్యాన్సరును గూర్చి తెలియదని పట్టణములలో ననుచుందురు. బీడు స్త్రీలకా మాట తెలియకపోలేదు. కత్తిపట్టి రుసుము పుచ్చుకొనువాని నోటనే తెలిసినది. తెల్లబట్ట క్యాన్సరు కాదు. పెక్కుసార్లది మందులతో గుదురునట్టిది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు దాదాపుగా హెచ్. పి. వి. యను సూక్ష్మక్రిమివలన బుట్టి, ముదురుటకు పది పదిహేనేండ్లు పట్టును. కనిపెట్టుటకింత వ్యవధి యిచ్చు క్యాన్సరు మఱియొకటి యరుదు. అండాశయములును దీసివేయబడినచో నెముకలు బలహీనమగును. ఆ యెముకలతోడనే యామె మరల మోపులెత్తవలయును. శస్త్రచికిత్సకైన యప్పు తీరుట మఱుసటియేటి బయానాతోడనే గదా!

చిత్రమేమన, దీనికి సరియైన మార్గము బీడునకు బొరుగుననే, నేడు ధారాశివ్ అనబడు ఉస్మానాబాదు జిల్లాలో, ఋజువైనది. 1999లో మొదలైన యా పరిశోధనయందు లక్షా ముప్పదివేలమంది స్త్రీలు పరిశీలింపబడిరి. ఒక్కమారు హెచ్. పి. వి. పరీక్షచేసి, దోషము గన్పట్టినవారికి చికిత్స చేసిన గ్రామములలో, పరీక్షలేని గ్రామములకంటె నీ క్యాన్సరు మరణములు ఎనిమిదేండ్లలో సుమారు సగమయ్యెను. 2009లో నీ ఫలితము ప్రకటితమయ్యెను. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, దేశమున 30–49 యేండ్ల స్త్రీలలో నెన్నడైనను ఈ క్యాన్సరు పరీక్ష పొందినవారు నూటికిరువురైనను లేరు. 2022లో ఈ వ్యాధి సోకినవారు సుమారు 1,27,000. మరణించినవారు దాదాపు 80 వేలు.

ఇది మరాఠీల గొడవ యని మనవారు తలపరాదు. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకొనిన స్త్రీలు దేశమున నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున దొమ్మండ్రు, తెలంగాణమున దాదాపు ఎనమండ్రు. కర్నూలు పడమటి పల్లెలనుండి గుంటూరు మిరపచేలకు వచ్చు స్త్రీలును గుడారములలోనే కాపురముందురు.

బీడులో, ప్రభుత్వ వైద్యాధికారి యనుమతి లేనిదే ప్రైవేటు ఆసుపత్రులీ శస్త్రచికిత్స చేయరాదను కట్టడి యేర్పడినది. మంచిదే, కాని కట్టడివలన నొప్పి మానదు. వలస బయలుదేరుటకు ముందే స్వగ్రామమున పరీక్ష జరుగవలయును. స్త్రీ తన నమూనాను తానే తీసికొనవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నంగీకరించినందున సిగ్గు యాటంకము కానేరదు. ఫలితము వ్రాతమూలకముగా నామె చేతికే యీయవలయును. ఏ జిల్లాకు బోయినను చికిత్స యా కాగితముతో సాగవలయును. చక్కెర మిల్లులు ఆసుపత్రికి బోయిన దినమునకు జుల్మానా రద్దుచేసి కూలి యీయవలయును. మన మిరపరైతులు మిల్లులకొఱకు వేచియుండ నక్కఱలేదు. ఈ కోతకే చేనిగట్టున నొక మరుగుదొడ్డియు, దాపున నీటితొట్టియు, నర్సు వచ్చినదినమున కూలి కోతలేని సెలవును వారేర్పఱుపగలరు.