భీముడి చేతికి దక్కని పలక

2022 మార్చిలో విడుదలై ప్రపంచవ్యాప్తంగా 1,000 కోట్లకు పైగా వసూలు చేసిన ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ చిత్రం గోండు పోరాటయోధుడు కొమురం భీంను చిన్నబుచ్చిందనే అభిప్రాయం తెలుగునాట కొద్దిమందిదే; మరుసటి ఏడాది ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చాక ఆ మాట అన్నవారికి ఓర్వలేనితనం అంటగట్టడం మరీ తేలికైంది. అయినా ఆ అభ్యంతరంలో బలముంది.

చిత్రంలో మరో నాయకుడు అల్లూరి సీతారామరాజు (రాముడు) చదువుకున్నవాడు, తన ఊరివారికి ఆయుధాలు అందించాలన్న లక్ష్యంతో పోలీసు కొలువులో ఓపిక పట్టినవాడు. భీం మాత్రం బ్రిటిషువారు ఎత్తుకుపోయిన తమ గూడెం పాపకోసం ఢిల్లీ చేరి, రామరాజును ‘అన్నా’ అని పిలిచి, చివరకు ఏం కావాలో కోరుకోమంటే తమకు చదువు చెప్పమని అడిగే అమాయకుడు. ప్రచారంలో ఉన్న జీవితకథల ప్రకారం అసలు భీం ఊరు విడిచి తిరిగిన కాలంలో చంద్రాపూర్ ప్రాంతంలో విఠోబా అనే ముద్రణాలయ యజమాని దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడు. తిరిగివచ్చి, పోడును, అంటే అడవిని కొట్టి కాల్చి చేసుకునే సాగును, అడ్డుకుంటున్న నిజాం అధికారులపై జోడేఘాట్ పరిసర గూడేలను కూడగట్టి, 1940లో పోరాడుతూ ప్రాణాలు విడిచాడు. ఆ తిరుగుబాటు తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌కు అప్పగించింది. ఆ నిజాం పాలన తెరమీద బ్రిటిషువారికి హెచ్చరిక మోసుకొచ్చే దూతగా మాత్రమే కనిపిస్తుంది.

ఇదంతా కల్పనేనని దర్శకుడు ముందే చెప్పారన్నది అభిమానుల సమాధానం. కల్పన ఎవరికీ అభ్యంతరం కాదు. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయాన్ని 1957లో ‘మాయాబజార్’ కథావస్తువు చేసుకుంటే తెలుగువారు తలకెత్తుకున్నారు; అందులో పెళ్లి జరిపించే శక్తి, తెలివి, చిలిపితనం అన్నీ అడవిబిడ్డ ఘటోత్కచుడివే. అక్కడ కల్పన అడవివాణ్ణి పెంచింది, ఇక్కడ తగ్గించింది. చారిత్రక పురుషుల పేర్లను వాటి వెనుకనున్న గౌరవం కోసం వాడుకున్నప్పుడు, ఆ గౌరవానికి ఏం జరిగిందని అడిగే హక్కు ప్రేక్షకుడికి ఉంటుంది. ఎంత వసూళ్లయినా ఆ ప్రశ్నకు జవాబు కావు.

చిత్రంలో అత్యంత శక్తిమంతమైన ఘట్టం భీందేనన్నది నిజం. కొరడా రాముడి చేతిలో ఉండగా, ఒళ్లు చీలుతున్నా మోకరిల్లక, సుద్దాల అశోక్‌తేజ రాసిన పాటను భీం ఎత్తుకోవడం, చూస్తున్న జనం కట్టుతప్పి తిరగబడటం తెలుగు తెర మరవలేని దృశ్యం. తుపాకులే జనాన్ని లేపుతాయని నమ్మిన రాముడు, ఒక్క పాట ప్రతి మనిషినీ ఆయుధంగా మార్చగలదని అక్కడ గ్రహిస్తాడు. అంటే ఆ ఘట్టంలో గురువు భీమే. చిత్రం తానే కనుగొన్న ఈ సత్యాన్ని వదిలేసి, పతాక సన్నివేశంలో విల్లంబులనూ కాషాయాన్నీ రాముడికిచ్చి, భీంను మళ్లీ శిష్యుడిగా నిలబెట్టింది. తన కథకు తాను కట్టుబడి ఉంటే, ముగింపులో నేర్పమని అడగవలసినవాడు రాముడే.