దెబ్బ తిన్నవారు తలవంచుకోవద్దు
నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ లాంటి ఊళ్లకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు చేరగానే ఓ పాత సైకిలు కొనుక్కుంటారు. ఎప్పుడో ఓ మలుపులో కారు గుద్దుతుంది. ముందు చక్రం వంకర పోతుంది, చైను ఊడి వేలాడుతుంది, అరచేయి చెక్కుకుపోయి ఇసుక రేణువులు గుచ్చుకుంటాయి. అయినా ‘ఫర్వాలేదు’ అంటూ లేచి, సైకిలు ఈడ్చుకుంటూ వెళ్లిపోతారు. పోలీసులొస్తే వీసాకు ముప్పని, పరాయి దేశంలో గొడవెందుకని భయం. ఆ భయం అక్కర్లేదు. కారు గుద్దడం గుద్దించుకున్నవారి నేరం కాదు. అక్కడి 1994 రోడ్డు రవాణా చట్టం 185వ అధికరణం సైకిలు తొక్కేవారి పక్షాన నిలుస్తుంది. ప్రమాదాన్ని ఏ రకంగానూ తప్పించలేకపోయానని రుజువు చేసుకుంటే తప్ప కారు యజమాని పరిహారం కట్టాల్సిందే. సైకిలిస్టు వైపు పొరపాటు ఉన్నా, అది తెగింపు కానంతవరకు, కనీసం సగం పరిహారం దక్కుతుంది. 14 ఏళ్లలోపు పిల్లలకైతే మొత్తం. ఇక్కడ పాస్‌పోర్టు ఏ దేశానిదన్న ప్రశ్నే లేదు. ఇంత మంచి చట్టం ఉండి కూడా తెలియక నష్టపోవడం అన్యాయం. విశ్వవిద్యాలయాలు, తెలుగు సంఘాలు కొత్తగా వచ్చినవారికి మొదటి వారంలోనే ఈ సంగతి చెప్పాలి. పిల్లలూ, వేడి మీద నొప్పి తెలియదు. తలకు తగిలిన దెబ్బ గంటల తర్వాత బయటపడొచ్చు. 112కు ఫోన్ చేయండి, సాక్షుల నంబర్లు తీసుకోండి, డాక్టరుకు చూపించుకోండి. కారు నంబరు ప్లేటు ఫొటో తీయకుండా మాత్రం అక్కణ్నుంచి కదలకండి.