షుగరు చీటీ ఇంటిల్లిపాదికీ

ఎరువులు, తెగుళ్ల గురించి రాసే పేజీలో షుగరు జబ్బు గొడవేమిటని పక్కన పడేయకండి. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. పల్లెలూ ఇందుకు మినహాయింపు కాదు. పొద్దస్తమానం కలుపు తీసే ఆడమనిషికి షుగరెందుకొస్తుంది, అది కూర్చుని తినేవాళ్ల జబ్బు కదా అనే మాట ఇక చెల్లదు.

నలభై దాటిన మీ ఇంటావిడకు షుగరని తేలితే ఆస్పత్రిలో ఓ చీటీ ఇస్తారు. అన్నం తగ్గించు, తీపి మానెయ్, ఓట్లు, యాపిలు తిను అని అందులో ఉంటుంది. ఆమె దాన్ని తెచ్చి దేవుడి పటం వెనక పెడుతుంది. తప్పు ఆమెది కాదు. మన ఇళ్లలో వండేదీ ఆమే, అందరి తర్వాత తినేదీ ఆమే. పప్పు, కూర మీకూ పిల్లలకూ సరిపోయాక ఆమెకు మిగిలేది అన్నం, ఊరగాయ, అడుగున ఉన్న చారు. అంటే షుగరును పెంచేది ఆమె వంతుకొస్తోంది. దాని జోరు తగ్గించే పప్పు, ఆకుకూర రావడం లేదు. తనొక్కదానికోసం వేరే పొయ్యి వెలిగించుకోమంటే ఏ ఇల్లాలూ వెలిగించదు. అందుకే ఈ మాట ఆమెతో కాదు, మీతో చెప్పవలసి వస్తోంది.

ఇంట్లో అందరికీ ఒకే వంట చేయించండి. ఆమె పళ్లెంలో సగం కూర, ఆకుకూర ఉండాలి. పావు వంతు పప్పో గుడ్డో, మిగతా పావు అన్నమో రొట్టో చాలు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. మీ ఇంటావిడ పళ్లెంలో అంత కూర ఎప్పుడైనా చూశారా?

చిరుధాన్యాలు మంచివే. కానీ కొర్రన్నమైతే కడుపునిండా తినొచ్చనుకోవడం పొరపాటు. అందులోనూ సగానికి పైగా పిండి పదార్థమే. మెత్తగా పట్టించిన రాగిపిండితో పల్చగా కాచిన జావ గబుక్కున అరిగి షుగరును పెంచుతుంది. దానికంటే జొన్నరొట్టె, పప్పుకూర మేలు.

ఇంకో ముఖ్య విషయం. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వేసుకుని, తినకుండా చేనికి పోతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే, స్పృహలో ఉండగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. చెంగున కాస్త పంచదార కట్టుకుని పోవడం మంచిది. ఒక్కపొద్దులుండే వాళ్లు ముందుగా డాక్టరును అడగాలి.

ఇక చేను సంగతి. నాలుగెకరాలూ పత్తో మిరపో పెట్టి, కందిపప్పు కొట్లో కొనడం మనకు అలవాటైంది. ధర పెరిగితే పప్పు పల్చనవుతుంది, ముందుగా తగ్గేది ఆమె గరిటే. వచ్చే తొలకరికి పది సెంట్లు ఇంటికని వదలండి. అయిదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది కొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది. ఎకరాకు 2 కిలోల విత్తనం లెక్కన పది సెంట్లకు 200 గ్రాములు సరిపోతాయి. గట్టు వెంట గోంగూర, తోటకూర, రెండు మునగ చెట్లు వేయండి. కొర్రలు దంచే పని మాత్రం మళ్లీ ఆమె నెత్తిన పెట్టకండి. మరకు మీరే మోసుకెళ్లి, పొట్టు పోయేదాకా చాలు, తెల్లగా పాలిషు వద్దని దగ్గరుండి పట్టించుకు రండి.