నక్షత్రము మఱుగైన వేళ

క్రిందటి శుక్ల సప్తమినాటి రాత్రి మా యింట నొక చిన్న తప్పు జరిగినది. చేసినవారము మేమే. దానిని దాచి ఈ నెల మఱియొక విషయము వ్రాయుటకు మాకు మనసొప్పలేదు.

మా మేనకోడలు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. సెలవులకు మా యింటికి వచ్చినది. ఆ రాత్రి చంద్రుడొక చుక్కను గప్పునని మావారు ఒక పట్టికలో జూచి చెప్పిరి. చంద్రుడు నక్షత్రముల నడుమ దినదినము తూర్పునకు జరుగుచుండును గదా. దారిలో నెదురైన చుక్కలను గప్పి, కొంతసేపటికి రెండవ ప్రక్కను విడిచిపెట్టును. ఇరువదియేడుగురు భార్యలలో రోహిణియందే చంద్రునకు మక్కువ యని పౌరాణికులు చెప్పు కథకు, అతడు అప్పుడప్పుడా చుక్కను మఱుగుపఱచుటయే మూలమై యుండునేమో యని మాకు దోచును.

సప్తమినాడు చంద్రునకు తూర్పు సగము చీకటి. ఆ కనబడని యంచువైపునకే చుక్క చేరుచుండెను. పిల్ల బైనాక్యులర్సు కన్నుల కానించి, మా గడియారమును మోకాలిపై బెట్టుకొని పెరటి అరుగుమీద గూర్చున్నది. చుక్క సన్నగిల్లలేదు, మసకవాఱలేదు. ఉన్నది, అంతలో లేదు.

"అత్తయ్యా, ఎవరో దీప మార్పినట్లు పోయినదే!" అని కేక వేసినది.

"మబ్బు అడ్డము వచ్చెనేమో చూడవే" అని మా అత్తగారు లోపలినుండి యనిరి. మబ్బు తునక యైనను లేదు.

పిల్ల తన పుస్తకములో 7-43 అని వ్రాసికొన్నది. పట్టికలో 7-31 అని యున్నది. "నీవు గడియారము సరిగా జూచియుండవు, అచ్చులో నున్నదే వ్రాయుము" అని మేము చెప్పితిమి. అది మాఱు మాటాడక రబ్బరుతో చెఱిపి 7-31 వేసినది.

మఱునాడు మావారు పట్టికను మరల జూచి, అది ఢిల్లీ నగరమునకు గట్టినదని చెప్పిరి. మన ముఖమున కెదురుగా వ్రేలు నిలిపి, ఒక కన్ను మూసి యొకసారి, రెండవ కన్ను మూసి యొకసారి చూచినచో, వ్రేలు వెనుకటి గోడపై చోటు మాఱినట్లు కనబడును. రెండు కన్నుల నడుమ నున్న బెత్తెడు దూరమే యింత చేయగా, ఢిల్లీకిని మన యూరికిని గల దూర మేమి చేయదు? చంద్రుడు మనకు దగ్గరివాడు. చూచు చోటు మాఱిన, అతడు చుక్కను గప్పు వేళయు మాఱును. పిల్ల చూచిన 7-43 మన పెరటికి సరియైన కాలమే.

ఆ చుక్క యొక్కసారిగా మాయమగుట కూడ నొక సాక్ష్యము. దీపమును స్తంభము వెనుకకు దీసికొనిపోయిన గుప్పున మఱుగగును. పలుచని తెర వెనుకకు దీసికొనిపోయిన క్రమముగా మసకబాఱును. గ్రహమునకు గాలి పొర యున్నచో చుక్క వెలుగు అందులో వంగి, చెదరి, మెల్లమెల్లగా క్షీణించును. చంద్రునకు వాయుమండల మనదగినది లేదు గనుకనే యా చుక్క దీప మార్పినట్లు పోయినది. అక్కడికి బోకయే, అరుగుమీద గూర్చుండియే, ఇంత తెలిసికొనవచ్చును.

ఈ యుపాయముతోనే పండితులు దూరగ్రహముల స్థితిని గనుగొనుచున్నారు. యురేనస్ అను గ్రహమును విలియం హెర్షెల్ 1781లో కనుగొనెను. అది సూర్యునకు దాదాపు 290 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది. 1977 మార్చి 10వ తేదీని అది తులారాశిలోని యొక చుక్కను గప్పునని ముందుగా లెక్కగట్టిరి. చుక్క వెలుగు క్షీణించు తీరునుబట్టి యురేనస్ గాలిపొరను దెలిసికొనవలెనని జేమ్స్ ఎలియట్ అను నతడును అతని సహచరులును సంకల్పించి, దూరదర్శిని నమర్చిన విమానమెక్కి హిందూమహాసముద్రముపై నెగిరిరి. కప్పు వేళ ఖచ్చితముగా నిర్ణయింప సాధ్యము గాలేదు. అందుచే వారు చాల ముందుగానే యంత్రమును నడుపనారంభించిరి.

గ్రహము చుక్కను జేరుటకు ముందే చుక్క వెలుగు కొన్ని సెకండ్లపాటు తగ్గి మరల పెరిగినది. అట్లే యైదుసార్లు. గ్రహము దాటిపోయిన పిమ్మట రెండవ ప్రక్కను గూడ, అంతంత దూరములలోనే, మరల నైదు తగ్గుదలలు కనబడినవి. ఒక ప్రక్కను మాత్రమే యైన ఏదో యుపగ్రహ మనుకొనవచ్చును. రెండు ప్రక్కలను సరిజోడుగా నున్న దేమగును? గ్రహమును జుట్టి యున్న వలయములే. 196 సంవత్సరములు ఎవరి దూరదర్శినికిని జిక్కని యా వలయములు, బొగ్గువలె నల్లనివి, సన్ననివి, ఒక చుక్క వెలుగు కడ్డము వచ్చి బయటపడినవి. లెక్క నిశ్చయమని నమ్మి వారు వేళకే యంత్రమును దిప్పియున్నచో, మొదటి యైదును జాఱిపోయి యుండెడివి.

మాకు మిక్కిలి ప్రియమైన భాగ మిక నున్నది. ఆ రాత్రియే తమిళదేశమున జవ్వాదు కొండలలోని కావలూరు వేధశాలలో జె. సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి యను వారు ఒక మీటరు దర్పణముగల దూరదర్శినితో నా చుక్కనే చూచుచుండిరి. ఆ వేధశాలను నెలకొల్పిన వేణు బప్పు హైదరాబాదులో బెరిగినవాడు. ఆయన తండ్రి అచటి నిజామియా వేధశాలలో బనిచేసెను. కావలూరివారికి చుక్క వెలుగు తగ్గుట స్పష్టముగా గానవచ్చినది. యురేనస్‌కు క్రొత్త ఉపగ్రహము దొరకినదని వారు తలచి, ఆ యేటనే 'నేచర్' పత్రికలో బ్రకటించిరి. వారు చూచినది ఉపగ్రహము గాదు, వలయములలో ముఖ్యమైనది. తలపు సరిగాకున్నను, వారు గుర్తించిన కాలము సరియైనది. అది వలయముల లెక్కలో నిమిడిపోయినది.

అంతకు ముందు 1972 జూన్ 7వ తేదీని ఆ కావలూరునుండియు జావాలోని లెంబాంగునుండియు, బృహస్పతి యుపగ్రహమైన గానిమీడ్ ఒక చుక్కను గప్పుట జూచి, దానికి గాలిపొర గలదని యంచనా వేసిరి. 1979లో వాయేజర్ నౌక చూడగా, ఆ పొర వారనుకొన్నదానికన్న మిక్కిలి పలుచనిదని తేలినది. పిమ్మట హబుల్ దూరదర్శిని అచట అతిస్వల్పమైన ప్రాణవాయువు జాడలను గనిపెట్టినది. దిద్దుబాటులు జరిగినవి, మొదటి లెక్కపుస్తకము నెవరును చెఱిపివేయలేదు.

1986 జనవరి 24న రెండవ వాయేజర్ నౌక యురేనస్ ప్రక్కగా బోయి యా వలయములను కన్నులార జూచి, మఱి రెండింటిని జూపినది. నేటికి పదుమూడు తెలిసియున్నవి. 1988లో ప్లూటో యొక చుక్కను గప్పగా, అది మెల్లగా క్షీణించుటచే అచటను గాలి యున్నదని దృఢపడినది. 2013లో 250 కిలోమీటర్లే వ్యాసముగల చారిక్లో యను చిన్న గోళమునకును వలయములున్నవని యిట్లే బయటపడినది.

ఇదంతయు చదివి వినిపించిన పిమ్మట మేము మేనకోడలిని బిలిచి, పుస్తకము దెమ్మంటిమి. రబ్బరు రాచినచోట కాగిత మించుక పలుచబడినది. వెలుగుకు బట్టిన 7-43 లీలగా గనబడుచునే యున్నది. మా చేత వ్రాయింపవద్దని, తానే సిరాతో దిద్దికొన్నది. 7-31ను మాత్రము కొట్టివేయలేదు. దాని ప్రక్కను "ఢిల్లీ" యని, తన దాని ప్రక్కను "అత్తయ్యగారి పెరడు" అని వ్రాసినది. వచ్చు నెల మరల చంద్రుడు చుక్కను గప్పు దినములను మావారు వెదకుచున్నారు. ఈసారి గడియారము అత్తగారి చేత నుండునట.